పూగా వేడినీళ్లు, త్సో మొరిరి జక్కవలు: లద్దాఖ్‌లో ఏడు రోజులు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. జర్కిన్ రెండుసార్లు ఉతికినా గంధకం వాసన వదల్లేదు. అది పోయేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

వేడినీటి ఊటల పిచ్చి నాకు చిన్నప్పటిది. మాది కొత్తగూడెం. భద్రాచలం వెళ్లినప్పుడల్లా అమ్మమ్మ మమ్మల్ని గుండాల తీసుకెళ్లేది. గోదావరి ఒడ్డున ఇసుకలో చేత్తో గుంట తీస్తే అడుగు నుంచి వేడినీళ్లు ఊరేవి. నాలుగడుగులు అవతల నది మామూలుగా, చల్లగా పోతూ ఉండేది. ఆ వింత ఇప్పటికీ నాకు తీరలేదు. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు వేస్తే వేడినీళ్లు తన్నుకొచ్చాయన్న సంగతి మా వైపు అందరికీ తెలుసు. సింగరేణి వాళ్లు అక్కడ 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు కూడా పెట్టారు. ఇవన్నీ చూసినవాణ్ని, లద్దాఖ్‌లో వేడినీటి ఊటలున్న పూగా లోయ చూడకుండా ఎలా ఉంటాను?

ఒక్కడినే బైకు మీద వెళ్తానంటే అమ్మ రెండు మాటలే అంది. ఒకటి, రోజూ ఫోన్ చెయ్యి. రెండు, ఆ నీళ్లు మోకాళ్లకు మంచివట, ఒక బాటిల్ పట్టుకురా. మొదటిది నా వల్ల కాలేదు.

జూన్ 20, 21: లేహ్

రాసేటప్పుడు లేహ్ అంటాం కానీ అక్కడ పలకడం "లే" అనే. ఆ ఊళ్లో మొదటి రెండు రోజులూ నేను చేసిందల్లా లేవకుండా పడుకోవడమే. 3,500 మీటర్ల ఎత్తు. గెస్ట్‌హౌస్ రెండో అంతస్తుకు బ్యాగు మోసుకుని ఎక్కి, మంచం మీద కూర్చుని పది నిమిషాలు ఊపిరి వెతుక్కున్నాను. తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం. ఎవర్నడిగినా ఒకటే మందు చెప్పారు: నీళ్లు తాగు, పడుకో.

రెండో రోజు సాయంత్రం బజారుకు నడిచి ఖంబీర్ తిన్నాను. గోధుమపిండి పులియబెట్టి కాల్చిన మందపాటి రొట్టె, మీద వెన్న, నేరేడు పండంత ముదురు రంగులో ఆప్రికాట్ జామ్. టీతో కలిపి 90 రూపాయలు. అక్కడే ఒక మంచి అలవాటు నేర్చుకున్నాను. వరస పెట్టి పిలిచి, చివర "లే" చేర్చాలి. పెద్దావిడైతే ఆమా-లే, అన్నయితే ఆచో-లే. మన "గారు" లాంటిదే. కనిపించిన ప్రతి ఒక్కరికీ "జూలే". నమస్కారానికీ, థాంక్స్‌కీ, వెళ్లొస్తానికీ అదొక్క మాటే చాలు.

బైకు అద్దె రోజుకు 1,800. వెనక టైరు అరిగి ఉందని నేను, "ఇంకో రెండు వేల కిలోమీటర్లు వస్తుంది" అని షాపతను. అరగంట వాదిస్తే టైరు మార్చలేదు గానీ పంక్చర్ కిట్టూ, ఐదు లీటర్ల పెట్రోలు డబ్బా ఒకటీ ఉచితంగా ఇచ్చాడు.

జూన్ 22: తప్పుదారి, తర్వాత చుమాథాంగ్

లేహ్ దాటాక నలభై కిలోమీటర్ల లోపే కారు అనే ఊరు వస్తుంది. కారులో ఆగి బైకుకు పెట్రోలు కొట్టించాను. ఈ జోకు చెప్పుకోవడానికి పక్కన తెలుగువాళ్లెవరూ లేకపోవడం ఆ రోజుకు మొదటి బాధ.

రెండోది ఉప్శీలో. సింధు నది పక్కనే తిన్నగా వెళ్లాలని నాకు తెలుసు. కానీ ముందు వరసగా లారీలు పోతుంటే, వాటి వెనకే వంతెన ఎక్కేశాను. ఇరుకు లోయ, ఎర్రగా, వంకాయ రంగులో నిలువు పొరలుగా నిలబడ్డ రాళ్లు. భలే ఉందని ఫోటోలు కూడా తీశాను. మీరూ అనే ఊరు వచ్చాక గాని పక్కనున్నది సింధువు కాదని, దూకి దాటగలిగేంత వాగని తట్టలేదు. అది మనాలి రోడ్డు.

అక్కడ చిన్న టీ కొట్టు ఉంది. నడిపే ఆమా-లే నా మొహం చూసి, నేనేమీ అడక్కముందే చేత్తో వెనక్కి చూపించింది. ఎక్కడెక్కడికి వెళ్తున్నానో చెప్పాను. త్సో కర్ సరస్సు మీదుగా తిరిగొస్తానంటే వేళ్ల మీద లెక్కపెట్టి, "అయితే నాలుగు రోజుల తర్వాత ఈ దారినే వస్తావు, టీ డబ్బులు అప్పుడివ్వు" అంది. వద్దు, ఇప్పుడే తీసుకోమన్నా వినలేదు. ఇరవై రూపాయల అప్పు నెత్తిన పెట్టుకుని ఉప్శీకి తిరిగొచ్చాను.

అసలు దారిలో సింధువు బురద రంగులో, వేసవి కరుగునీటితో పొంగి పోతోంది. చాలాచోట్ల రోడ్డు పనులు. తారు పోస్తున్న కూలీలు జార్ఖండ్‌లోని దుమ్కా నుంచి వచ్చినవాళ్లు. ప్రతి వేసవికీ వస్తారట. మొహాలకు గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. ఒక కుర్రాడు నా దగ్గరున్న సకినాలు నమిలి, ఇవి మా ఊళ్లోలా లేవు గానీ బాగున్నాయన్నాడు.

చుమాథాంగ్ లేహ్ నుంచి 138 కిలోమీటర్లు. ఊరికి ముందే నది ఒడ్డున ఆవిరి కనిపించింది. బైకు ఆపి కిందికి దిగాను. గులకరాళ్ల మధ్య నుంచి పొగలు కక్కుతూ సన్నటి పాయలు వచ్చి, తెల్లటి, తుప్పు రంగు చారలు పెడుతూ సింధువులో కలుస్తున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో గుంట తీశాను. అడుగున వేడి తగిలింది. గుండాల ఇసుకలో అమ్మమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంది. కాకపోతే ఇక్కడ నాలుగడుగులు అవతలున్న నీళ్లలో చెయ్యి పెడితే ఎముక జివ్వుమంది.

నా దగ్గర వంటింటి థర్మామీటర్ ఒకటుంది, పాలకోవా పాకం చూసుకునేది. రాళ్ల దగ్గర ఊటలో పెడితే 79. గట్టు మీద బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి పగలబడి నవ్వారు. వాళ్లకు అది గీజరు. జ్వరం చూసినట్టు దానికి థర్మామీటర్ పెట్టేవాణ్ని ఎప్పుడూ చూసి ఉండరు.

రాత్రి ఒక ఇంట్లో బస, భోజనంతో కలిపి 1,200. ఊట నీటిని పైపుతో స్నానాల గదికి తెచ్చుకున్నారు. చన్నీళ్లు కలుపుకోకపోతే చర్మం ఊడుతుంది. భోజనానికి స్క్యూ, అంటే గోధుమపిండిని బొటనవేలితో నొక్కి చేసిన బిళ్లల్ని ముల్లంగి, బంగాళాదుంపలతో ఉడికించిన పులుసు. ముందు ఉప్పు వేసిన వెన్న టీ ఇచ్చారు. టీ అనుకుని తాగితే కష్టం, చారు అనుకుని తాగితే హాయిగా ఉంది. గుక్క తాగేసరికి మళ్లీ నింపుతారు. మూడు కప్పులయ్యాక ఇంటాయన రహస్యం చెప్పాడు: చాలనుకుంటే కప్పు నిండుగా వదిలెయ్యాలి, లేచి వెళ్లేటప్పుడు ఒకేసారి తాగాలి. వడ్డించగానే పుచ్చుకోవడం కూడా మర్యాద కాదట. రెండుసార్లు వద్దనాలి, వాళ్లు మూడోసారి బతిమాలాలి. ఈ మొహమాటం మనకు నేర్పక్కర్లేదు.

జూన్ 23: పూగా

మాహే వంతెన ముందు చెక్‌పోస్టు. నా ఆధార్ కార్డు చూసిన జవాను తలెత్తి, "ఏటి, ఒక్కడివే వచ్చీసినావా?" అన్నాడు. పలాస దగ్గర కుర్రాడు. ఆవకాయ ఉందేమోనని అడగడానికి అతను రెండు నిమిషాలు సిగ్గుపడ్డాడు. అరకిలో సీసాలో సగం ఇచ్చాను. ఒక ముక్క అక్కడే నోట్లో వేసుకుని, మా అమ్మదైతే ఇంకొంచెం కారం ఉంటాది అన్నాడు. మా అమ్మకు ఈ మాట చెప్పలేదు.

వంతెన దాటి సుమ్‌దో దాకా వెళ్తే దారి రెండుగా చీలుతుంది. ఒకటి త్సో మొరిరి సరస్సుకు, ఒకటి పూగాకు. మళ్లీ తప్పు చేయకూడదని బైకు ఆపి మరీ అడిగాను. పూగా లోయ మొదట్లో సంచార జాతి చాంగ్‌పాల పిల్లలు చదివే రెసిడెన్షియల్ స్కూలు ఉంది. తల్లిదండ్రులు మేకల వెంట గడ్డి ఉన్న చోటికి మారుతుంటారు, పిల్లలు ఇక్కడ ఉంటారు. గోడ మీద కూర్చున్న పిల్లలు పది మంది ఒకేసారి "జూలే" అని అరిచారు.

తర్వాత లోయ విప్పారింది. రెండువైపులా బోడి కొండలు, మధ్యలో చదునుగా పచ్చిక, దాని మీద అక్కడక్కడా లేస్తున్న ఆవిరి. వాసన ముందే తగిలింది, కుళ్లిన కోడిగుడ్డు వాసన. నేలంతా తెల్లటి పొక్కు. ఉప్పనుకుంటాం గానీ అందులో చాలావరకు బోరాక్స్. మన కంసాలులు వాడే వెలిగారమే. పూర్వం ఇక్కడ వెలిగారమూ, గంధకమూ తవ్వేవారు. రాళ్ల సందుల్లో పసుపు చల్లినట్టు గంధకం ఇప్పటికీ ఉంది. ఒకచోట నీళ్లు బుసకొడుతూ నడుమెత్తు లేచి పడుతున్నాయి. అడుగు వేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. గట్టిగా కనిపించే పొక్కు కింద వేడి బురద ఉంటుంది. నా కుడి బూటు చీలమండ దాకా దిగింది. కాలలేదు గానీ సాక్సు రంగు మారింది.

థర్మామీటర్ 83 చూపించింది. మన లెక్కలో ఇది మరిగే నీరు కాదు. కానీ పూగా 4,400 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ నీళ్లు సుమారు 85 డిగ్రీలకే మరిగిపోతాయి. అంటే భూమి లోపలి నుంచి వచ్చేది దాదాపు మరుగుతూనే వస్తోంది. ఇంత వేడికి చుట్టుపక్కల అగ్నిపర్వతం ఏదీ లేదు. భారత భూఫలకం ఆసియా ఫలకాన్ని గుద్దుకున్న అతుకు సింధువు వెంటే పోతుంది. సుమారు ఐదు కోట్ల ఏళ్ల కిందటి ఆ గుద్దుడులో నలిగి మందమెక్కిన నేల అడుగున ఇంకా వేడిగానే ఉంది. వానా, మంచూ పగుళ్లలోంచి దిగి, కాగి పైకి వస్తాయి. 1970ల్లోనే జియలాజికల్ సర్వే వాళ్లు ఇక్కడ బోర్లు వేసి చూశారు. 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది, మొదట 1 మెగావాట్ ప్లాంటు పెట్టాలని. మా పగిడేరుకు యాభై రెట్లు. ఎవరికీ చెప్పలేదు గానీ, అంత దూరం వచ్చి కూడా మా 20 కిలోవాట్ల పక్షాన కొంచెం రోషం వచ్చింది.

ముగ్గురు ట్యాక్సీ డ్రైవర్లు చేతిరుమాలులో గుడ్లు మూటకట్టి ఊటలో వేలాడదీసి కూర్చున్నారు. నాకూ రెండు ఇచ్చారు. ఉప్పు అక్కర్లేదు, గంధకం ఉంది కదా అని ఒకతను నవ్వాడు. గుడ్డు ఉడికింది. మరి ఇందులో బియ్యం పోస్తే అన్నం అవుతుందా అని అడిగితే, కుక్కర్ లేకుండా ఇక్కడ అన్నం, పప్పు ఆలోచన పెట్టుకోవద్దన్నారు.

గుడ్డు తింటుండగా పచ్చికలో రెండు తెల్లటి మనుషులు నడుస్తున్నట్టు అనిపించింది. కొంగలు. మెడ నల్లగా, నెత్తిన చిన్న ఎర్ర మచ్చ, నా ఛాతీ దాకా వచ్చేంత ఎత్తు. నల్లమెడ కొంగ 2021 నుంచి లద్దాఖ్ అధికార పక్షి. ఫోటో కోసం లేవబోతే డ్రైవర్ నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. పావుగంట అలాగే ఉన్నాం. ఆవిరి అడ్డం వచ్చినప్పుడు కనిపించకుండా పోయి, గాలి మళ్లగానే ఇంకొంచెం దగ్గరగా కనిపించేవి. నా ఫోన్‌లో ఉన్నవి రెండు తెల్ల చుక్కలు. ఫోటోల్లో చూపించడానికి ఏమీ లేదు.

అమ్మ బాటిల్ నింపాను. వేడికి ప్లాస్టిక్ ముడుచుకుపోయి బాటిల్ వంకర తిరిగింది. స్టీలు ఫ్లాస్కులో టీ పారబోసి అందులో పట్టాను.

జూన్ 23 సాయంత్రం, 24: కోర్జోక్

త్సో మొరిరి మొదటిసారి కనిపించినప్పుడు ఆ నీలం నిజమేనా అని కళ్లద్దాలు తీసి చూశాను. 4,522 మీటర్ల ఎత్తు, బయటికి దారిలేని నీళ్లు, కాబట్టి కొంచెం ఉప్పన. 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు ఉన్నది. ఒడ్డున ఉన్న కోర్జోక్‌లో మఠం, కొన్ని ఇళ్లు. గది 1,500. మరుగుదొడ్డి నీళ్లు లేనిది, కింద గుంట. పని అయ్యాక మూలనున్న పారతో మట్టి వెయ్యాలి. రాత్రి గడ్డకట్టే చోట నీళ్ల పైపు కన్నా ఇదే తెలివైన ఏర్పాటు.

నిద్ర పట్టలేదు. పదకొండుకు సరస్సు వైపు నుంచి గట్టిగా "ఆంగ్, ఆంగ్" అని పిలుపు, కాసేపటికి ఇంకో వైపు నుంచి జవాబు. పొద్దున్నే వెళ్లి చూస్తే ఒడ్డున జంటలు జంటలుగా నారింజ రంగు బాతులు. పక్షుల కోసం వచ్చిన పుణే దంపతులు రడ్డీ షెల్‌డక్ అన్నారు. ఫోన్‌లో దించుకున్న పుస్తకంలో వెతికితే, సంస్కృతంలో చక్రవాకం. అంటే మన జక్కవ! పదో తరగతి పద్యాల్లో రాత్రయితే జంట విడిపోయి ఒడ్డుకొకటిగా ఏడ్చే జక్కవలు నాకు కవిగారి కల్పనే. అవి బాతులనీ, చలికాలంలో మన చెరువులకూ వస్తాయనీ, ముప్ఫై నాలుగేళ్లొచ్చాక లద్దాఖ్‌లో తెలిసింది. కావ్యాల్లో వాటిని దేనితో పోల్చారో పుణే దంపతులకు చెప్పలేదు. చదివినవాళ్లకు తెలుసు.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. తల వెనక రెండు నల్ల పట్టీలున్న బార్-హెడెడ్ గూస్‌లు పిల్లల్ని వరసలో ఈదిస్తున్నాయి. ఇవి హిమాలయాలు దాటేటప్పుడు 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు నమోదైంది. నేను రెండో అంతస్తు ఎక్కి ఆయాసపడిన సంగతి గుర్తొచ్చింది. ఇంతలో ఊరి వైపు నుంచి నాలుగు కుక్కలు చిత్తడిలోకి దిగాయి. ఒక్కసారిగా పక్షులన్నీ గోల. ఇంటాయన రాళ్లు పట్టుకుని పరుగెత్తాడు. టూరిస్టులూ, క్యాంపులూ పారేసే తిండికి కుక్కలు పెరిగాయని, కొంగల గూళ్లకు వాటితోనే పెద్ద ముప్పని తర్వాత చెప్పాడు. ముందు రోజు రాత్రి మిగిలిన చపాతీ వాటికి వేసింది నేనే. అది చెప్పే ధైర్యం చాలలేదు.

జూన్ 25: త్సో కర్

మళ్లీ పూగా మీదుగా వెళ్లి, పోలోకొంగ్‌కా కనుమ ఎక్కాను. పైన ప్రార్థనా జెండాలు, చలిగాలి, ఐదు నిమిషాలు. దిగుతుంటే బండల మీద మర్మాట్‌లు, అంటే ఉడుత జాతి జంతువులు, మనూళ్లో పిల్లి కన్నా లావుగా, ఎండలో పొట్ట చాచి పడుకుని. ఒకటి ఈల వేస్తే అన్నీ బొరియల్లోకి.

త్సో కర్ అంటే తెల్ల సరస్సు. అంచంతా ఉప్పు. చాంగ్‌పాలు ఒకప్పుడు ఈ ఉప్పే తీసి అమ్ముకునేవారు. దాని పక్క మైదానంలో కియాంగ్‌లు, అంటే అడవి గాడిదలు. గాడిద అంటే మనసు ఒప్పుకోదు. ఇటుక రంగు వీపు, తెల్లటి పొట్ట, గుర్రమంత ఠీవి. ఇరవై రెండు దాకా లెక్కపెట్టాను. ఇంకొంచెం దగ్గర నుంచి చూద్దామని దారి వదిలి మైదానంలోకి బైకు తిప్పాను. రెండొందల మీటర్లు వెళ్లానో లేదో వెనక చక్రం ఉప్పు పొక్కు పగలగొట్టుకుని ఇరుసు దాకా దిగిపోయింది. కియాంగ్‌లు ఒక్కసారి చూసి, ధూళి లేపుకుంటూ పోయాయి. ఆ అరిగిన టైరు ఉత్తినే తిరిగి నా మొహాన బురద కొట్టింది. నలభై నిమిషాలు తోశాను. ఆ ఎత్తులో పది తోపులకు ఒకసారి కూర్చోవాలి.

దూరంగా మేకలు కాస్తున్న ముసలాయన, వెంట పన్నెండేళ్ల పిల్లాడు నింపాదిగా నడిచొచ్చారు. తమ తాడుతోనే లాగారు. డబ్బులు ఇవ్వబోతే ముసలాయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పిల్లాడికి హిందీ వచ్చు. తాత ఏదో అంటే, వాడు నేలమీద పాత టైరు జాడలు చూపించి, "ఇవి పోయినేడాదివి అంటున్నాడు" అన్నాడు. గడ్డి మళ్లీ మొలవలేదు. నా జాడ దాని పక్కనే, తాజాగా. మిగిలిన సకినాలన్నీ పిల్లాడి చేతిలో పెట్టాను. ముసలాయన జేబులోంచి ఛుర్పే ముక్క తీసి ఇచ్చాడు. ఎండబెట్టిన జున్ను, రాయి కన్నా గట్టిది. బుగ్గలో పెట్టుకుంటే, రాత్రి బసకు థుక్జే అనే ఊరు చేరి, టీ తాగి, పడుకోబోయేదాకా అయిపోలేదు.

జూన్ 26: తిరుగుదారి

తగ్‌లంగ్ కనుమ 5,300 మీటర్ల పైనే. జూన్ నెలాఖరులో మంచు పడింది. చేతి తొడుగుల్లో వేళ్లు ఉన్నాయో లేదో తెలియలేదు. ఇంజన్ మీద చేతులు పెట్టుకుంటూ దిగాను. రుమ్‌త్సే, గ్యా దాటాక బార్లీ పొలాల పచ్చదనం చూస్తే కళ్లకు ప్రాణం వచ్చింది.

మీరూలో టీ కొట్టు మూసి ఉంది. పక్కింటామెను అడిగితే పొలానికి వెళ్లిందంది. ఇరవై రూపాయలు ఆమెకిచ్చి, ఫలానా తప్పుదారి మనిషి ఇచ్చాడని చెప్పమన్నాను. పక్కింటామె ఆ నోటు తలుపు సందులోంచి లోపలికి జారవిడిచి, వెంటనే నన్ను కూర్చోబెట్టి టీ పెట్టింది. ఈ టీకి డబ్బులు తీసుకోలేదు.

ఐదు రోజుల్లో సుమారు 510 కిలోమీటర్లు. అద్దె 9,000, పెట్రోలు 1,900, బసలు 5,700, దారిలో టీలు, మ్యాగీలు ఇంకో 800. షాపతను టైరు మీద బురద చూసి, "చెప్పాను కదా, ఇంకా ఉంది" అన్నాడు.

కొత్తగూడెంలో అమ్మ ఫ్లాస్కు మూత తీసి, వెంటనే పెట్టేసింది. ఇంత కంపు ఉంటే మంచి మందే అయ్యుంటుంది అంది. రోజూ రాత్రి కుడి మోకాలికి మాత్రమే రాసుకుంటోంది. ఎడమది ఎందుకు వదిలేశావంటే, పోల్చి చూడాలి కదరా అంది. నాలుగు రోజులైంది. రెండూ ఒకేలా నొస్తున్నాయట.